తొలి కాన్పు తల్లిగారింట్ల

తొలి కాన్పు తల్లిగారిది. మా కాలంల ఆ మాటకు తిరుగు లేకుండె. రెండోది అత్తగారింట్ల అయినా, మూడోది చేను కాడ అయినా ఎవ్వరు అడిగేటోళ్లు గాదు. మొదటిదానికి మాత్రం నాయన బండి కట్టుకొని రావాలె, బిడ్డను తీస్కపోవాలె, తల్లీపిల్లను మల్ల సారెతోని తెచ్చి దించాలె. అప్పు చేసన్న ఆ పని చేసేటోళ్లు.

నిన్న మీ అక్క ఇంగ్లండుకెల్లి ఫోన్ చేసి, "అమ్మమ్మా, నేను ఇంట్లనే కందామనుకుంటున్న. నువ్వు అమ్మను ఇంట్లనే కన్నవు గద, అప్పుడు ఏమేం తయారు చేసిన్రో చెప్పు" అన్నది. ఫోన్ల చెప్పే ముచ్చటనా అది? ఆ మొద్దును జర లోపలికి నూకి ఇటు జరిగి కూసో బిడ్డా, పొగ నీ దిక్కే వస్తుంది. రికార్డు చేసి పంపుతనంటివి గద, చెయ్యి. కని మంచియి మంచియి ఏరి పంపకు. మొత్తం పంపు.

మీ అమ్మ కడుపుల పడ్డప్పుడు నాకు ఇరవై ఏండ్లు గూడ నిండలే. నీళ్లోసుకున్న సంగతి నాకన్న ముందు మా అత్తకు తెల్సింది. పొద్దుగాల పొయ్యి అంటిస్తుంటె పొగకు కడుపుల తిప్పి బయటికి ఉరికిన. ఆమె ఏమనలే. ఆ దినం నుంచి నన్ను పొయ్యి కాడికి రానియ్యలే, అంతే. తర్వాత వేవిళ్లు. వానకు తడిసిన గోడ వాసన వస్తె నోట్ల నీళ్లూరేటియి. ఎవ్వరు చూడకుంట గోడ మట్టి గీకి తినేదాన్ని. మా ఈడోళ్లు మస్తుమంది గట్లనే తినేటోళ్లు. కడుపుల బిడ్డ కోరుతుంది అనుకునేటోళ్లం. ఒంట్ల నెత్తురు తక్కువైతె మట్టి మీదికి మనసు పోతదని మీ అమ్మ నర్సు చదువు చదివినంక చెప్పింది. ఇప్పుడు ఆమె చేతులతోనే ఎంతమంది గర్భిణులకు ఐరన్ గోలీలు పంచిందో.

ఏడో నెల పడంగనే మా నాయన వచ్చిండు. మా అత్త పంపలే. గ్రహణం దాటినంక తీస్కపొమ్మన్నది. 1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం మన నల్లగొండ దిక్కు మీదికెల్లే పోయింది. ఇబ్రహీంపట్నం అవతల జపాల్-రంగాపూర్‌ల ఉస్మానియా యూనివర్సిటోళ్ల పెద్ద దుర్భిణి ఉండె. అక్కడికి సైంటిస్టులు పనిగట్టుకొని వచ్చి చూసిన్రట. మేము తలుపులు బిగించుకొని లోపల కూసున్నం. నన్ను నడిమి అర్రల చాప మీద ఎల్లెలుకల పండబెట్టిన్రు. కాళ్లు ముడవొద్దు, గోక్కోవద్దు, కత్తి ముట్టొద్దు. ముడిస్తె బిడ్డ వంకర పుడతది, కత్తి ముడితె గ్రహణం మొర్రి వస్తది. నాలుగు గొట్టకముందె చీకటి పడ్డది. కోళ్లు గూట్లకు ఉరికినయి. తలుపు సందులకెల్లి వచ్చే వెలుగు పోయింది. రెండు నిమిషాలకు జరంత ఎక్కువ, గంతే. నాకు మాత్రం ఊపిరాడలే. ఎక్కడన్న గోక్కున్ననా, తెల్వకుంట కాలు ముడిచిన్నా అని ఏడ్చిన. మీ అమ్మ పుట్టి, ఆమె మూతి నా కండ్లతోని చూసేదాక ఆ భయం నా పెయ్యిలకెల్లి పోలే. గ్రహణానికి, పెదవి చీలుడుకు సంబంధం లేదని మీ అక్కకు చెప్పే పని లేదు. కని ఆమె ముంగట గూడ ఎవరెవరో ఏదేదో భయం పెట్టుకుంట కూసుంటరు. కడుపుతోని ఉన్నామెకు భయం పెట్టేటోళ్లను గడప దాటి లోపలికి రానియ్యొద్దని నా మాటగ చెప్పు.

గ్రహణం దాటినంక బండి వచ్చింది. గడ్డి మందంగ పరిచి, మీద రెండు బొంతలేసి, ఎడ్లను మెల్లగ తోలుకుంట తీస్కపోయిన్రు. మా అమ్మ అప్పటికే సగం తయారీ చేసి పెట్టింది. మీ అక్క చెప్పింది గద, అక్కడ ఇంట్ల కనేటోళ్లు నీళ్లతొట్టి కిరాయికి తెచ్చుకుంటరట, నేల మీద ప్లాస్టిక్ పరుస్తరట, తువ్వాలలు పక్కకు పెట్టుకుంటరట. మాకు అన్నిటికన్న ముందు ఆముదం.

మనది ఆముదం పండే నేల. నల్లగొండ, పాలమూరు చెల్కలల్ల ఆముదపు చెట్టు లేని చేను లేకుండె. మా అమ్మ ఆముదాలు వేయించి, రోట్ల మెత్తగ దంచి, ఆ ముద్దను పెద్ద గంజుల నీళ్లతోని పొద్దంత ఉడికించేది. నూనె మీదికి తేలుతది. దాన్ని గంటెతోని పైపైన తీసి, మల్ల సన్నమంట మీద కాచి, నీళ్లన్ని ఇంకినంక సీసాలల్ల పోసేది. బజార్ల దొరికే ఆముదం పుట్టిన పిల్లకు పనికిరాదనేది. ఆ నూనెతోనే దినాం పొద్దూకినంక నా నడుము, తొడలు, పిక్కలు రుద్దేది. అట్ల రుద్దుకుంటనే అన్ని చెప్పేది. నొప్పులు ఎట్లొస్తయి, ఎప్పుడు ఆగుతయి, ఏది నిజం నొప్పి, ఏది ఉత్త నొప్పి. పగలు నలుగురిల చెప్పరాని మాటలు గద. మీ అక్క ఏదో క్లాసుకు పోతుందట, మొగడు గూడ పోతుండట. మంచిగనే ఉన్నది. నాకు ఆ క్లాసు మా అమ్మ చేతుల కింద అయింది.

ఇగ బట్టలు. కొత్తబట్ట పుట్టిన పిల్లకు గుచ్చుతది. మా అమ్మ ఇంటింటికి పోయి పాత నూలుచీరెలు అడిగింది. మంచిగ కని, మంచిగ లేచినామె కట్టిన చీర అయితె ఇంకా మేలంటరు. అందుకని చుట్టాలల్ల ఎవరెవరు సుఖంగ కన్నరో లెక్కదీసి ఆళ్లనే అడిగింది. సాకలవ్వ వాటిని సౌడుమట్టి పెట్టి ఉడకబెట్టి, ఎర్రటెండల ఆరేసి, మడతలు పెట్టి తెచ్చిచ్చింది. మీ అమ్మ ఏమంటదో తెల్సా? ఉడకబెట్టి ఎండల ఆరేసుడు దవాఖానల చేసే పనేనట. పేరు తెల్వకున్నా పని సరిగ్గనే చేసిన్రు.

అంగట్ల శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, ఇంగువ, వసకొమ్ము, తట్టెడు ఎల్లిగడ్డ కొన్నరు. శొంఠి, పిప్పళ్లు దంచి బట్టల జల్లిపట్టి, బెల్లం పాకంల ఏసి, నువ్వులనూనె పోసుకుంట కలిపితె కాయం అయితది. కన్నంక పొద్దుగాల్నె పరిగడుపున చిన్న ఉండ మింగాలె. గొంతు మండుతది. కని చలిజ్వరం పడ్డట్టు వణికే ఒళ్లు దానితోని కుదురుకుంటదని మా అమ్మ నమ్మకం. నాకు ఇప్పటికి ఆ కాయం అంటె ఇష్టమే. పొగ ఎక్కువ రాని తుమ్మకట్టెలు, బొగ్గులు వేరే పెట్టిన్రు. మా నాయన ఈనిన బర్రెను ఒకదాన్ని పట్టుకొచ్చిండు, అది అప్పు మీదనే అని నాకు చాన ఏండ్లకు తెల్సింది.

నీళ్ల సంగతి మర్చిపోయిన. మా ఊరి బోరింగు నీళ్లు మంచియి గావు. ఆ నీళ్లు తాగి తాగి ఎముకలు వంగినోళ్లు, పండ్లు పసుపుపచ్చగ మారినోళ్లు ఊరి నిండ ఉండె. ఫ్లోరైడ్ అనేది ఉంటదని మాకు ఎర్క లేకుండె, కని ఆ నీళ్లతోని పప్పు ఉడకదని మాత్రం తెల్సు. పప్పు ఉడకని నీళ్లు కడుపుతోటున్న పిల్లకు వద్దని మా నాయనమ్మ పట్టుబట్టింది. ఊరవతల తియ్యబాయి ఉండె. ఎండకాలమంత మా చెల్లె, మా వదిన ఆ బాయికెల్లి బిందెలు మోసిన్రు. నా కాన్పుకు ఎవరు ఎక్కువ కష్టపడ్డరంటె నేను ఆ ఇద్దర్ని చెప్త.

ఇగ ఆ నాయనమ్మే నాకు తిండి తగ్గించమన్నది. కడుపునిండ తింటె బిడ్డ లావెక్కి బయటికి రాదని. మంచి మనసుతోని చెప్పిన మాటనే గాని, చెడ్డ మాట. రాత్రి ఆకలికి నిద్ర పట్టకపోయేది. మా అమ్మ అత్తకు ఎదురు చెప్పలేక, అందరు పండుకున్నంక తైదంబలి తెచ్చి తాపేది.

మంత్రసాని గురించి చెప్త ఇను. మా ఊర్ల మంగలోళ్ల అవ్వ చేసేది, పక్కూర్ల మాదిగవాడ అవ్వ. ఏ జామున పిల్చినా వచ్చేటోళ్లు. మా అమ్మ నన్ను తెచ్చిన మర్నాడే చాటల బియ్యం, కుడుకలు, ఆకూవక్కా పెట్టుకొని పోయి చెప్పొచ్చింది. ఆమె వచ్చి చేతులకు ఆముదం రాసుకొని నా కడుపు మీద పెట్టింది. తల ఎటున్నది, వీపు ఎటున్నది, ఎంత కిందికి దిగింది, అంత చేతులతోనే చూసింది. చూసినంత సేపు ఒక్క మాట మాట్లాడలే. "తల కిందికే ఉన్నది, బేఫికరుండు" అన్నది. అప్పటికెల్లి కాన్పు దాక మా ఇంటి ముంగటికెల్లి పోయినప్పుడల్ల లోపలికొచ్చి చూసి పోయేది. ఇసుర్రాయి ఇసురమనేది. వంగి వాకిలూడ్వమనేది. కాళ్లు వాచినయా అని వేలితోని ఒత్తి చూసేది. అమ్మకు చెప్పుకోలేని భయాలు గూడ ఆమెకు చెప్పిన.

ఆమె తరిఫీదు పొందిన మంత్రసాని. 1977ల ఢిల్లీ సర్కారు ఊర్లకు ఆరోగ్య పథకం ఒకటి తెచ్చి, వెయ్యి మంది జనానికి ఒక మంత్రసాని లెక్కన నేర్పియ్యాలన్నది. నెల దినాలు దవాఖాన కాడికి పోయి నేర్చుకునుడు. ఆమెకు అక్షరం ముక్క రాదు. చేసి చూపెడితె పట్టుకున్నది. మోచేతుల దాక సబ్బుతోని కడుగుడు, గోర్లు తీసుకునుడు, కొత్త బ్లేడు, ఉడకబెట్టిన దారం, కోసిన బొడ్డు మీద ఏం పుయ్యకుండుడు.

అవి చిన్న మాటలని అనుకోకు. అంతకుముందు బొడ్డుపేగును కొడవలితోని కోసేటోళ్లు. పైసా బిళ్ల మీద పెట్టి కోసేటోళ్లు. కోసినంక బూడిద, కొన్ని చోట్ల పేడ. వారం దినాలకు బిడ్డ దవడలు పట్టుకపోయేటియి. చన్ను నోట్ల పెడితె చప్పరించేది గాదు. ముట్టుకుంటె ఒళ్లంత బిగుసుకపోయేది. గాలి సోకింది అనేటోళ్లు, తాయెత్తులు కట్టేటోళ్లు, కోడిని కోసేటోళ్లు. అది ధనుర్వాతం బిడ్డా. మట్టిల, పేడల ఉండే పురుగు బొడ్డు గాయంలకు పోయి చేసే పని. మా నాయనమ్మ గట్ల పిల్లలను పోగొట్టుకున్నది. ఎంతమందిని అని అడిగితె లేచి అవతలికి పోయేది.

దానికి సూది ఉన్నది, తల్లికి ఏస్తె బిడ్డకు గూడ కాపు. నర్సమ్మ ఎండల నడిచొచ్చి ఆ సూది ఏస్తనంటె మా ఇంట్ల మగోళ్లంత వద్దన్నరు. కడుపు పోతదన్నరు. మంత్రసాని అవ్వ వాకిట్ల నిలబడి, "సూది ఏపిచ్చుకోకుంటె నేను కాన్పుకు రాను" అన్నది. మంగలోళ్ల ముసలామె మా ఇంటి మగోళ్ల ముంగట అంత గట్టిగ మాట్లాడుడు నేను అంతకుముందు చూడలే. ఏపిచ్చుకున్న. 2003ల మన రాష్ట్రంల, అప్పుడు ఆంధ్రప్రదేశ్ అంత ఒక్కటే, పసిపిల్లల ధనుర్వాతం పోయినట్టే అని తేల్చిన్రు. 2015ల దేశమంతట పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ దినం మీ అమ్మ డ్యూటీకెల్లి వచ్చి ఆ ముచ్చట చెప్పుకుంట ఏడ్చింది. ఆమెకు తెల్సు గద, తాను ఎందుకు బతికిందో.

వైశాఖం ఎండలు. పొద్దూకి వాకిట్ల నీళ్లు చల్లుతుంటె నడుములకెల్లి సన్నగ లేచింది. మా అమ్మ మొఖం చూసింది, ఏం అడగలే. పొయ్యి మీద కాగు పెట్టింది. మా తమ్ముడు అవ్వ ఇంటికి ఉరికిండు. అర్రను ముందుగాల్నె పేడతోని అలికి, గోడలకు సున్నమేసి పెట్టిన్రు. దూలానికి మోకు కట్టిన్రు. సందుగల తాళాలు, తలుపుల గొళ్లాలు తీసిన్రు, నా కొప్పు ఇప్పి ఇరబోసిన్రు, ఇంట్ల ముడి ఉంటె లోపల గూడ ముడి పడ్డట్టే అని. మగోళ్లను ఇంటెనుకకు పంపిన్రు.

అవ్వ వచ్చినంక ఏం చేసిందంటె, ఏం చెయ్యలే. గా మాట మీ అక్క సరిగ్గ ఇనాలె. చేతులు కడుక్కొని గోడకు ఆనుకొని కూసున్నది. నన్ను నడువమన్నది. నడిచిన. నొప్పి వస్తె మోకు పట్టుకొని ఏలాడిన. పోతె మల్ల నడిచిన. పాలల్ల శొంఠి ఏసి గుక్కెడు గుక్కెడు తాపింది. కందీలు సన్నగ పెట్టించింది. పక్కింటోళ్లు వచ్చి "ఇంకెంత సేపు, ఇంకెంత సేపు" అంటుంటె ఆళ్లను బయటికి పంపి తలుపు దగ్గరేసింది. నేను సచ్చిపోత అని అరిచినప్పుడు, "అట్లనే అనిపిస్తది, అట్ల అనిపిచ్చినప్పుడు దగ్గరికొచ్చినట్టు" అన్నది. మా వదిన నా ఎనుక కూసొని చంకల కింద చేతులేసి పట్టుకున్నది. ఆ రాత్రంత ఆమె చేతులు ఒదల్లే. తెల్లారి చూస్తె ఆమె ముంజేతుల మీద నా గోర్ల గాట్లున్నయి.

కోడి కూసే యాళ్లకు పుట్టింది. వెంటనె ఏడ్వలే. కంచం మోగిచ్చిన్రు. అవ్వ వాళ్లను ఆపుమని, నోట్లకు ముక్కులకు వేలికి బట్ట చుట్టి తుడిచి, వీపు పాముకుంట కూసున్నది. ఏడ్పు వచ్చింది. మాయ పడేదాక ఆగి, బ్లేడు కాయితం అందరికి చూపెట్టి ఇప్పి, దారం కట్టి కోసింది. చాటల పాతచీర పరిచి పండబెట్టిన్రు. నేను ముందుగాల మూతి చూసిన.

ఆడపిల్ల. మంత్రసానికి మగపిల్లగాడు పుడితె చీర, కుంచెడు వడ్లు, పైసలు. ఆడపిల్ల పుడితె వడ్లు సగం, చీర లేదు. రాత్రి జాగారం రెండిటికి ఒక్కటే గద! మా నాయన మంచోడే, కని ఆ దినం సగమే కొలిచిండు. అవ్వ ఏమనకుంట మూట కట్టుకున్నది. పురుడు తీరినంక ఆమె మల్ల మా గడప దాటి లోపలికి రాలే, వాకిట్ల నిలబడే మాట్లాడేది. నా పాణం ఆమె చేతులల్ల పెట్టిన ఇంట్లోళ్లు ఆమెకు పీటెయ్యలే. 2017ల సర్కారు కాన్పు పైసలు పెట్టినప్పుడు మగపిల్లగానికి 12,000, ఆడపిల్లకు 13,000 అని మీ అమ్మ చెప్తె నాకు ఆ సగం వడ్లే యాదికొచ్చినయి. అప్పటికి అవ్వ లేదు.

బాలింతతనం గురించి మీ అక్కకు ఒక్క మాట ముందె చెప్పు, పాతకాలం చేసిన్రని ఏది పడితె అది చెయ్యొద్దు. ఎండకాలంల మంచం కింద కుంపటి పెట్టిన్రు. కిటికీకి గోనెసంచి కట్టిన్రు. సాంబ్రాణి పొగ సరె. కని నీళ్లు ఇయ్యలే. పచ్చినీళ్లు తాగితె బాలింతకు చలువ చేస్తదని కాగిన నీళ్లు గుక్కెడే ఇచ్చేటోళ్లు. బిడ్డకు పాలియ్యాలె, బయట నిప్పులు కురిసే ఎండ, నాలుక ఎండి పిడచగట్టుకపోయేది. రాత్రి మా చెల్లెను బతిమాలి చెంబెడు తెప్పిచ్చుకొని తాగిన. ముర్రుపాలు గూడ పిండి పారబోపిచ్చిన్రు, పసుపుగ చిక్కగ ఉన్నయి మంచియి గావని. ఇప్పుడు మీ అమ్మ పుట్టిన గంటల్నే చన్నుకు పట్టియ్యాలని ఊరూరు తిరిగి చెప్తది. ఆమెకు ఆ పాలు దొరకలే. ఎల్లిగడ్డకారం, నెయ్యి, పాత బియ్యపు బువ్వ, నడికట్టు, వేన్నీళ్ల తానం, అవి నాకు మంచిగనే చేసినయి. నలబై దినాలు ఎవ్వరు నన్ను ఒక్కదాన్ని ఇడ్వలే. బిడ్డ ఏడిస్తె నాకన్న ముందు ఇంకొకరు లేచేటోళ్లు. అది ఇయ్యాల పైసలిచ్చినా దొరకదు.

ఇప్పుడు రెండో ముచ్చట చెప్త. ఇది కోసెయ్యకు.

తర్వాతి యేడు వానకాలం. మా తల్లిగారింటి పక్కింటామె, నాకు వదిన వరస, తొలిచూలే. నాకు చేసిన అవ్వనే. అవే కడిగిన చేతులు, అదే కొత్త బ్లేడు. పిల్లగాడు మంచిగ పుట్టిండు. మాయ పడలే. నెత్తురు ఆగలే. అవ్వ కడుపు రుద్దింది, పిల్లగాన్ని చన్నుకు పట్టిచ్చింది, తెల్సినయన్ని చేసింది. "నాతోని గాదు, బండి కట్టున్రి" అని అరిచింది. బండి కట్టిన్రు. వాన. వాగు నిండుగ పోతుంది. వాగు ఒడ్డు మీద నీళ్లు తగ్గేదాక ఆగిన్రు. ఆమె ఆగలే. ఆ పిల్లగానికి మీ అమ్మతోని పాటు నేను గూడ కొన్ని నెలలు పాలిచ్చిన. ఎదిగిండు, ఇప్పుడు మిర్యాలగూడల ఉంటడు. నన్ను అత్తా అంటడు.

బిడ్డ పుట్టంగనే ఏసే సూది ఉంటది, గర్భసంచిని గట్టిపరిచి నెత్తురు ఆపేది. మీ అమ్మ సంచిల ఎప్పుడు ఉంటది. ఆ సూది, దాటే తొవ్వ, రెండు లేకుండె. పాతకాలంల ఇంట్లనే కన్నం, ఏం కాలే అని నా తీరు ముసలోళ్లు చెప్తరు గద, బతికినోళ్లమే చెప్తున్నం. ఆమె చెప్పలేదు.

అందుకనే 2005ల ఆగస్టు పదిహేనున హైద్రాబాద్‌ల 108 బండి మొదలై, తర్వాత మన ఊర్లకొచ్చినంక నేను దండం పెట్టిన. 2019-21 సర్వే లెక్కన మన తెలంగాణల నూటికి 97 కాన్పులు దవాఖానలనే. మంచిదే. కని అదే సర్వేల నూటికి అరవై దాటి కోత కాన్పులేనని లెక్క తేలింది, దేశంల అన్ని రాష్ట్రాల కన్న మనకాడనే ఎక్కువ. అవసరం పడితె కొయ్యాలె, ఆ పక్కింటి వదినను కోసినా బతికితె చాలనుకునేదాన్ని. అవసరం లేకున్నా ముహూర్తం పెట్టుకొని కోపిచ్చుకునుడు, నొప్పులు జర ఆలస్యమైతె డాక్టరు ఆగకపోవుడు, అది నాకు మింగుడు పడదు. గోడకు ఆనుకొని రాత్రంత కూసున్న మనిషి ఇప్పుడు దవాఖానల దొరుకుడే కష్టం. కని 2017 నుంచి కరీంనగర్‌ల నర్సులకు మిడ్‌వైఫ్ చదువు చెప్పిన్రు, కోత లేకుండ ఓపికతోని కనిపిచ్చే చదువు. మీ అమ్మ ఆళ్లను చూసొచ్చి, "అమ్మా, నీ మంత్రసాని అవ్వ తెల్లకోటు ఏసుకున్నట్టున్నది" అన్నది. అసొంటోళ్లు ప్రతి మండలంల ఉండాలె.

ఇగ మీ అక్క సంగతి. ఆమె ఇంటికి ఇద్దరు మిడ్‌వైఫులొస్తరట. నెత్తురు ఆపే సూది తెస్తరట, బిడ్డ ఊపిరి తీయకుంటె ఊపిరి పోసే సామాను తెస్తరట. అవన్ని ఉంటె అది నా కాన్పు అసొంటిది గాదు, దానికన్న వేయిరెట్లు మేలు. అయినా మీ అమ్మ ఒక లెక్క చెప్పింది. ఇంగ్లండుల 2011ల పెద్ద పరిశోధన చేసిన్రట. తొలిచూలోళ్లు ఇంట్ల కంటమని మొదలుపెట్టినోళ్లల్ల నూటికి 45 మంది నడుమల్నో, కన్నంకనో దవాఖానకు పోవలసి వచ్చిందట. తొలిచూలు బిడ్డలకు గండం దవాఖానల వెయ్యికి 5 ఉంటె ఇంట్ల 9 దాటిందట. రెండో కాన్పు నుంచి తేడా లేదట. అంటె ఎక్కువ మంది మంచిగనే కంటరు, కని తొలికాన్పుకు బండి సిద్ధం ఉండాలె.

నేను వద్దననను. కనుమని గూడ అనను, కనేది ఆమె. మూడు సంగతులు ఆ మిడ్‌వైఫును అడుగుమను. వాళ్ల ఇంటికెల్లి దవాఖాన ఎన్ని నిమిషాలు, మంచు పడ్డ రాత్రి ఎన్ని నిమిషాలు. బండి పిలిస్తె ఎంతసేపట్ల వస్తది. పొమ్మని చెప్పేది ఎవరు, ఆ మాట వచ్చినంక ఇంట్ల ఎవరన్న వాదిస్తరా. ఆ చివరిది మొగనితోని ముందె మాట్లాడుకొమ్మను. "పోదాం" అన్నప్పుడు "ఇంక జరసేపు చూద్దాం" అనే మనిషి ఆ అర్రల ఉండొద్దు. దవాఖానకు పోయినందుకు ఓడిపోయిన్నని ఏడ్వొద్దని గూడ చెప్పు. ఎక్కడ కన్నా కన్నట్టే.

ఎనుక కూసొని చంకల కింద చేతులేసి పట్టుకునేది ఎవరని నేను ఆమెను అడిగిన. మొగడే అన్నది. మంచోడే, కని ఆయనకు గూడ తొలిసారే గద. మీ అమ్మను పంపుదామనుకుంటున్న. ఆమెకు సెలవు దొరుకుతదో లేదో రేపు కనుక్కోవాలె, వీసా కాయితాలు నువ్వే నింపాలె. నెయ్యి ఆ దేశంలకు రానియ్యరట, పాలతోని చేసినయి ఏవి పోనియ్యరట. అందుకని కాయం మా అమ్మ తీరుగ నువ్వులనూనెతోనే చేస్త. శొంఠి ఇంట్ల జరంతనే ఉన్నది. ఆదివారం అంగడికి పోయినప్పుడు పావుకిలో తే, పుచ్చినయి లేకుంట చూసి తే.